పరుపు ఆయుర్దాయం

మన ఇంట్లో రోజుకు ఏడెనిమిది గంటలు విరామం లేకుండా పనిచేసే వస్తువు ఏది అని తరగతిలో అడిగితే, పరుపు పేరు చెప్పే విద్యార్థి అరుదు. రాత్రంతా అది మన బరువును మోస్తుంది, మన చెమటను పీలుస్తుంది, మనతోపాటు మరికొన్ని ప్రాణులకు కూడా చోటిస్తుంది. ఒత్తిడి, తేమ, క్రిమికీటకాలు - పరుపుకు శత్రువులు ఈ మూడే. వీటితో మానవుని పోరాటం ఈనాటిది కాదు.

దక్షిణాఫ్రికాలో ఎస్వాతిని సరిహద్దు దగ్గర బోర్డర్ గుహ ఉన్నది. అక్కడ సుమారు 2 లక్షల ఏళ్ళనాటి గడ్డి పడకల ఆనవాళ్ళను కనుగొన్నట్లు లిన్ వాడ్లీ, ఆమె సహపరిశోధకులు 2020లో ప్రకటించారు. ఆనాటివారు గడ్డిని వట్టి నేలమీద కాక, బూడిదపైన పరిచారు. పాకే పురుగులు మెత్తని బూడిదలో సులభంగా కదలలేవు; ఒంటికి అంటిన బూడిద వాటి శరీరంలోని నీటిని ఆరగొడుతుంది. మన పల్లెల్లో పప్పుగింజలకు బూడిద కలిపి నిలవ చేయడంలోని సూత్రం కూడా ఇదే. ఆ దేశంలోనే ఉన్న సిబుడు గుహలో 77,000 ఏళ్ళనాటి తుంగ పడకపైన ఒక అడవి చెట్టు ఆకులు పరచి ఉండడాన్ని 2011లో వెల్లడించారు. ఆ ఆకుల్లో కీటకాలను చంపే రసాయనాలున్నాయి. తరువాతి కాలంలో ఆ గుహవాసులు పాతబడిన పడకను అక్కడే తగులబెట్టి, దానిపై కొత్తది పరచుకొనేవారు.

గడ్డి పడకనైతే తగులబెట్టవచ్చు. డబ్బుపెట్టి కుట్టించుకొన్న దూది పరుపును తగులబెట్టలేము గదా! దానిని కాపాడుకోవలసిందే. మన దేశంలో ఇందుకు వాడిన ఒక ఉపాయాన్ని మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా వ్రాసిపెట్టాడు. 1333లో సింధునదీ తీరం చేరిన ఈ యాత్రికునికి మన మంచాలు వింతగా తోచాయి. అవి ఒక్క మనిషి మోయగలిగినంత తేలికగా ఉంటాయనీ, పట్టు లేక నూలు పట్టీలతో అల్లినందువల్ల వాటికే సాగే గుణం ఉంటుందనీ ఆయన వర్ణించాడు. మన నవారు మంచం ఇటువంటిదే. పరుపులకూ దుప్పట్లకూ పైన గుడ్డ తొడుగులు వేస్తారనీ, మాసినప్పుడు తొడుగును మాత్రం ఉతుకుతారనీ, లోపలి పరుపు శుభ్రంగానే ఉంటుందనీ కూడా ఆయన గమనించాడు. నేటికీ పరుపు సంరక్షణలో మొదటి నియమం ఇదే.

ఇక దూది విషయం చూద్దాం. దూదిపోగు మెలికలు తిరిగిన సన్నని రిబ్బను వంటిది. ఆ మెలికల మధ్య గాలి నిలిచి ఉండటం వల్లనే పరుపుకు మెత్తదనం కలుగుతుంది. అయితే దూది సెల్యులోజు పదార్థం. దానికి నీరంటే ప్రీతి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం ఉన్నప్పుడు, దూది తన బరువులో ఏడెనిమిది శాతం నీటిని పీల్చుకొంటుంది. అంటే 10 కిలోల దూది పరుపులో ఇంచుమించు ముప్పాతిక కిలో నీరు దాగి ఉంటుందన్నమాట! తడి పొడిగా ఉన్న గుడ్డను ఇస్త్రీ చేస్తే మడత ఎలా నిలిచిపోతుందో, తేమ తగిలిన దూది మన బరువుకు అణగి అలాగే నిలిచిపోతుంది. అందుకే నడుము ఆనే చోట పరుపు ముందుగా గుంటపడుతుంది. తలవైపును కాళ్ళవైపుకు మార్చడం, అప్పుడప్పుడు తిరగవేయడం వల్ల ఈ ఒత్తిడి అంతటా సమానంగా పడుతుంది.

అప్పటికీ గట్టిపడితే దూదిని ఏకించాలి. విల్లు భుజాన వేసుకొని వీధులు తిరిగిన దూదేకులవారు చేసినది ఈ పనే. వింటినారి అదురుకు ఉండకట్టిన పోగులు విడిపోయి, వాటి మధ్య మళ్ళీ గాలి చేరుతుంది. నేడు చాలాచోట్ల ఆ పనిని యంత్రం చేస్తున్నది. ఏది చేసినా, ఎండలో ఆరబెట్టిన దూదిని ఏకితేనే ఫలితం నిలుస్తుంది.

మూడవ శత్రువు నల్లి. 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకాలను చంపే శక్తి ఉన్నదని కనుగొన్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. ఇక నల్లుల కథ ముగిసిందని లోకం సంబరపడింది. కాని 1947లోనే హవాయి దీవులలోని పెర్ల్ హార్బర్ బారకాసుల్లో డి.డి.టి.కి లొంగని నల్లులు కనిపించాయి. మందును తట్టుకోగలిగిన కొన్ని మిగిలి, వాటి సంతానమే పెరిగింది. 1990ల చివరినుండి ఐరోపా, అమెరికా నగరాలలో నల్లులు మళ్ళీ విజృంభించాయి. మందుకు లొంగని నల్లి వేడికి మాత్రం లొంగుతుంది. 45 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పెద్ద నల్లులు సుమారు గంటన్నరలో చస్తాయి. గుడ్లు చావాలంటే 48 డిగ్రీల వద్ద కూడా గంటకు పైగా పడుతుంది. మంచం సందుల్లో మరిగే నీళ్ళు పోయడం ఇందుకే. పరుపును ఎండలో వేసినప్పుడు నల్లులు నీడగా ఉన్న అడుగువైపుకు పాకుతాయి. కనుక ఒకవైపే ఎండబెడితే చాలదు, నడుమ తిరగవేయాలి.

కంటికి కనిపించని మరొక ప్రాణి ఉన్నది. సాలీడు జాతికి చెందిన ఈ ఎనిమిది కాళ్ళ దుమ్ముపురుగు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటినుండి రాలే పొట్టు దీని ఆహారం. ఇంటి దుమ్మువల్ల వచ్చే ఉబ్బసానికి ఇది ముఖ్య కారణమని 1960ల దశకంలో నెదర్లాండ్సులోని లైడెన్ నగర పరిశోధకులు ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్మా మొదలైనవారు తేల్చారు. ఇది నీరు త్రాగదు, గాలిలోని తేమనే పీల్చుకొంటుంది. ఆర్ద్రత 50 శాతానికి తగ్గి చాలాకాలం ఉంటే ఎండిపోతుంది. అయితే పురుగు చచ్చినా దాని విసర్జన పరుపులోనే ఉండి బాధిస్తుంది. అందుచేత ఎండబెట్టిన పరుపును ఆరుబయట దులపాలి. ఆ పని ఉబ్బసం ఉన్నవారు చేయరాదు. తొడుగులను 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి.

ఒక్క హెచ్చరిక. ఎండ దూదికి మేలు చేస్తుందిగాని రబ్బరు, పాలియురిథేన్ నురుగు పరుపులకు చేయదు. అతినీలలోహిత కిరణాలకు అవి పసుపుపచ్చబడి పొడిపొడిగా రాలుతాయి. వాటిని నీడలో, గాలి ఆడే చోట నిలబెట్టి ఆరనివ్వాలి.

కారణం తెలియకుండానే మన పెద్దలు పరుపును ఎండవేశారు, తొడుగు వేశారు, ఏకించారు. కారణం తెలిసిన మనం, మందు సీసా ఒకటి దొరికిందని ఆ పనులు మానుకోవడం తగదు. ఈ ఆదివారం ఎండ బాగా కాస్తే, విద్యార్థులు తమ ఇంటి పరుపు దేనితో చేసినదో ముందుగా పరీక్షించి, ఆ తరువాత వాకిట్లో వేయవలసినదో, నీడలో నిలబెట్టవలసినదో తామే నిర్ణయించవచ్చు.