చప్పిడి కూడు ఎవరి విస్తట్లో

అన్నం తగ్గించు, ఉప్పు తగ్గించు అన్న డాక్టరు మాట కొత్త వైద్యంలా వినిపిస్తుంది. ఆడవాళ్ళకది పాత సంగతే. అగ్రకుల విధవకు ఒంటిపూట భోజనం, ఏకాదశికి అన్నం మాని ఫలహారం, బాలింతకు పథ్యం. ఆ ఆంక్షల్లోనే అల్లం, జీలకర్ర, ఇంగువ, నిమ్మరసంతో నాలుక్కి ఊరట వెతుక్కున్నదీ వాళ్ళే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాక అత్తిలి చుట్టుపక్కల వరి విస్తరించింది, తెల్లన్నం హోదా అయింది. పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ. (షుగరూ బీపీ అన్నీ దీనివల్లే అనను. అన్నానికి బదులు తినమంటున్న జొన్నలూ కొర్రలూ పిండిపదార్థాలే, కొలత తప్పదు.)

నేను చూసిన ఇళ్ళల్లో ఇంటాయనకు షుగరొస్తే రెండు వంటలు. ఆయనకు విడిగా పెసరకట్టు, ఉప్పు తగ్గించిన సొరకాయ కూర, మిరియాల చారు. జబ్బు ఆమెదైతే రెండో గిన్నె పొయ్యెక్కదు. అందరి కూరే తింటుంది, అన్నం మాత్రం పిడికెడు తగ్గించుకుంటుంది. ఆకలంటే మజ్జిగ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళెవరికైనా రోజుకు 5 గ్రాములలోపు ఉప్పే చాలంటోంది. అందరి గిన్నెలోనే తగ్గిస్తే ఆమెకు విడిగా వండే పని లేదు. చాలనివాళ్ళు విస్తట్లో వేసుకుంటారు.