విడుదల, వ్యవధి: తెలుగు చలనచిత్ర ప్రదర్శనలో ఒక వివాదచరిత్ర

'విడుదల' యనగా తెలుగున మొదట చెఱనుండియో, ఋణమునుండియో బయటపడుట. చలనచిత్ర వ్యాపారము ఈ మాటను గైకొని, నిర్మాతకడ పెట్టెలలోనున్న చిత్రము ప్రజల యెదుటకు వచ్చుట యను నర్థమున స్థిరపఱచినది. తెలుగు టాకీ పుట్టిననాటినుండి దాదాపు తొంబదేండ్లు ఈ మాటకు 'ఎచ్చట?' యను ప్రశ్న రాలేదు. విడుదల యన్నచో సినిమాహాలులో ననియే యర్థము. 2020వ సంవత్సరమున ఆ ప్రశ్న వచ్చినది. తర్వాతి రెండేండ్లలో నిర్మాతలు, పంపిణీదారులు, హాళ్ల యజమానులు, నటులు ఒండొరులపై బహిరంగ ప్రకటనలు చేసికొనునంతదూరము పోయినది. ఆ వివాదము నడచిన క్రమమును, దాని మూలమును ఇందు పరిశీలింపదలచితిమి.

పత్రికలలో దీనిని పెద్దతెరకును చిన్నతెరకును నడుమ పోరాటముగా, లేదా కళకును సౌకర్యమునకును నడుమ పోటీగా వర్ణించుట పరిపాటి. ఈ వర్ణన కొంతవఱకు నిజమే. కాని ఉభయపక్షములవారు కూర్చుండి బేరమాడినపుడు తెర కొలతలను గూర్చి వాదింపలేదు. హాలులో తొలి ఆట పడిన దినమునకును, అదే చిత్రము ఇంటికి వచ్చు దినమునకును నడుమ ఎన్ని వారము లుండవలెననియే వాదించిరి. కావున ఇది వ్యవధిని గూర్చిన వివాదమని మా యభిప్రాయము. ఆ వ్యవధికి మన ప్రదర్శనరంగమున పాత చరిత్ర కలదు.

1921లో బెజవాడలో మారుతీ సినిమాహాలు వెలసిన పిమ్మట శాశ్వతపు హాళ్లు పట్టణములందు ఒక్కొక్కటిగా ఏర్పడినవి. పల్లెలకు మాత్రము చాలకాలము డేరాలే, అనగా టూరింగు టాకీసులే, గతి. ఫిల్ము ప్రింటు ఖరీదైన వస్తువు. ఒక చిత్రమునకు తీయించు ప్రింట్లు కొద్ది. అందుచే చిత్రము ముందు పెద్ద పట్టణములందు ఆడి, అచ్చట జనము పలుచబడిన పిదప తాలూకా ఊళ్లకును, కడపట డేరాలకును చేరెడిది. వ్యాపారులు ఈ మెట్లకు ఏ, బి, సి సెంటర్లని పేరిడిరి. బెజవాడలో తొలి ఆట చూచినవానికిని, ఏదో లంకగ్రామపు డేరాలో నేలపై కూర్చుండి చూచినవానికిని నడుమ నెలలు, ఒక్కొక్కపుడు ఏడాదికి మించిన కాలము, గడచెడిది. అప్పటికి ప్రింటు గీతలుపడి, అతుకులుపడి, కొన్ని పాటలు సగము తెగి యుండెడివి. టికెట్టు ధరయు నట్లే తగ్గెడిది. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకొనుటయు కలదు. మొదటి హాలులో ముగిసిన రీళ్లను సైకిలుపై రెండవ హాలునకు చేరవేయు మనిషి ఆలస్యమైనచో అచ్చట ఇంటర్వెలు సాగుచునేయుండెడిది.

అనగా ఆ కాలమున ఒక చిత్రమునకు ఒక విడుదల కాదు, విడుదలల వరుస యుండెను. ముందు చూడగోరువాడు ఎక్కువ చెల్లించును. ఆగగలవాడు తక్కువ చెల్లించును. ఈ సూత్రము ఓటీటీ సంస్థలు కనిపెట్టినవని నేడు కొందఱు తలచుచున్నారు గాని, డేరా యజమానికి అది బాగుగ తెలిసినదే. శతదినోత్సవము, రజతోత్సవము అను మాటలును ఈ వ్యవస్థలోనివే. చిత్రమును దినములతో కొలిచిరి. మొదటివారపు వసూళ్లతో కొలుచుట తర్వాతి యలవాటు. 'పాతాళభైరవి' (1951), 'లవకుశ' (1963) వంటి చిత్రములు తొలి పరుగు ముగిసిన పిదపగూడ మరల మరల హాళ్లకు వచ్చి యజమానులను పోషించినవి. ఆ హాళ్లను సమత్వమునకు నిలయములుగా చిత్రించుట మాకు సమ్మతము కాదు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ యను విభజన వాని గోడలలోపలనే యుండెను. అయినను ఊరివారు పెక్కుమంది ఒకే గడియలో ఒకే దానికి నవ్విన చోటు పల్లెపట్టున మఱియొకటి అరుదు.

ఈ వరుసను చెఱిపినది ఓటీటీ కాదు, ప్రదర్శనరంగమే. 2005 తర్వాతి దశాబ్దమున యూఎఫ్ఓ, క్యూబ్ వంటి సంస్థల డిజిటల్ పద్ధతి వ్యాపించి ఫిల్ము ప్రింటు తొలగిపోయినది. పెట్టె రావలసిన పని లేకపోవుటచే చిన్న ఊరి హాలుగూడ హైదరాబాదుతోపాటు అదే దినమున, అదే స్పష్టతతో చిత్రమును చూపగలిగినది. బి, సి సెంటర్ల ప్రేక్షకునకు ఇది న్యాయమే. కాని వందలకొలది తెరలపై ఒక్కమారు పడిన చిత్రము తన ప్రేక్షకులలో నధికభాగమును మొదటివారముననే రాబట్టుకొని, మూడవ వారమునకు అలసిపోజొచ్చినది. 'సెకండ్ రన్' అను మాటయే వాడుకనుండి జాఱినది. హాలు తరువాతి మెట్టు ఖాళీయయ్యెను. ఆ ఖాళీలోనికే ఇంటితెర నడచివచ్చినది.

ఇంటితెరను గూర్చిన భయము మాత్రము పాతదే. 1977 అక్టోబరున హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1980 దశకమున వీడియో పార్లర్లు, వీడియో బస్సులు వచ్చినవి. అనుమతిలేని వీడియో ప్రతుల బెడద పెరుగగా 1984లో కాపీరైటు చట్టమును సవరించి వీడియో చిత్రములనుగూడ దాని పరిధిలో స్పష్టముగ చేర్చిరి. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారములు మొదలైన పిదప శాటిలైటు హక్కులు నిర్మాతకు క్రొత్త యాదాయమైనవి. వీనిలో నేదియు క్రొత్త చిత్రమును హాలుకంటె ముందు చూపవలెనని కోరలేదు. ఆ గీటును దాట యత్నించినవారు కమల్ హాసన్. 2013 జనవరిలో 'విశ్వరూపం'ను హాళ్లకంటె ముందుగా డీటీహెచ్ ద్వారా ఇండ్లకు పంపదలచినపుడు తమిళనాట హాళ్లవారు గట్టిగ నెదిరించిరి. ఆయన వెనుకకు తగ్గవలసివచ్చెను.

2020లో ఎదిరించుటకు తెఱచిన హాళ్లే లేకపోయినవి. కరోనా కారణమున మార్చి నడుమనుండి అవి మూతపడినవి. తెలుగునకే ప్రత్యేకించిన 'ఆహా' ఆ నెల 25న, ఉగాదినాడు, ప్రారంభమైనది. దేశవ్యాప్తపు లాక్‌డౌనునకు అదే మొదటి దినము. ఏప్రిల్ 29న 'అమృతరామమ్' జీ5లో నేరుగా వెలువడినది. సెప్టెంబరు 5న నాని, సుధీర్‌బాబు నటించిన 'వి' అమెజాన్ ప్రైమ్‌లో వచ్చుటతో పెద్ద నిర్మాతలును ఈ త్రోవ తొక్కినట్లయ్యెను. అక్టోబరు 15నుండి సగము కుర్చీలతో హాళ్లను తెఱవవచ్చునని కేంద్రప్రభుత్వ మనుమతించినను, ప్రదర్శించుటకు క్రొత్త చిత్రములు లేక పెక్కు హాళ్లు మూసియే యుండినవి. డిసెంబరు 25న 'సోలో బ్రతుకే సో బెటర్' వచ్చినపుడుగాని సందడి మరల మొదలు కాలేదు. తమిళనాట సూర్య నిర్మించిన 'పొన్‌మగళ్ వందాళ్' నేరుగా ప్రైమ్‌కు పోవునని తెలిసిన 2020 ఏప్రిల్‌లోనే అచ్చటి హాళ్లవారు ఆయన చిత్రములను బహిష్కరింతుమని హెచ్చరించిరి. మన ప్రాంతమున తొలియేడు అంతటి కాఠిన్యము కనబడలేదు.

ఈ కాలపు చిత్రములలో కొన్ని మాండలికముల యధ్యయనము చేయువారికి ముఖ్యముగ గమనింపదగినవి. 'కలర్ ఫోటో' 2020 అక్టోబరు 23న ఆహాలో వెలువడి, తర్వాత 68వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ తెలుగు చిత్రమైనది. అదే నవంబరున వచ్చిన 'మిడిల్ క్లాస్ మెలొడీస్'లో గుంటూరుసీమ మాట హాస్యమునకు సాధనముగా గాక సహజభాషగా వినవచ్చినది. 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి' ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు తెలుగును, ఇంచుమించు పేరులేని నటులతో, వినిపించినది. హాళ్ల పద్ధతిలో నిట్టి చిత్రములకు పండుగ దినములు దొరకవు. దొరికినను ఉదయపు టాట యొకటి, వారము దినములు. హాళ్లను కాపాడవలెననువారు ఈ విషయమును దాటవేయుట న్యాయము కాదని మేము తలంతుము.

వివాదము తీవ్రమైనది 2021లో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఏప్రిల్ 8న జీవో 35 ద్వారా టికెట్టు ధరలను నిర్ణయించినది. గ్రామముల హాళ్లలో కనిష్ఠధర 5 రూపాయలు. రెండవ అల, రాత్రి కర్ఫ్యూ దీనికి తోడైనవి. జూలై 20న సురేష్ ప్రొడక్షన్స్ వారి 'నారప్ప' ప్రైమ్‌లో వచ్చినది. 'టక్ జగదీష్'ను సెప్టెంబరు 10న, వినాయకచవితినాడు, ప్రైమ్‌లోనే విడుదల చేయ నిశ్చయించినపుడు తెలంగాణ హాళ్ల యజమానులు ఆగస్టులో సమావేశమై నిరసించిరి. అదే దినమునకు శేఖర్ కమ్ముల చిత్రము 'లవ్ స్టోరీ' హాళ్లలో రావలసియుండుట వారి కోపమునకు ముఖ్యకారణము. నాని ఆ జూలైలోనే 'తిమ్మరుసు' వేడుకలో హాళ్ల ప్రాశస్త్యమును గూర్చి ప్రసంగించియుండుటచే విమర్శ ఆయనపైకి మళ్లినది. ఆయన యొక లేఖలో నిర్ణయము నిర్మాతలదేయని వివరించెను. మాటలు హద్దు మీఱినవని నిర్మాతల గిల్డు ఖండించెను. తుదకు 'టక్ జగదీష్' చెప్పిన దినముననే ఇండ్లకు వచ్చినది. 'లవ్ స్టోరీ' సెప్టెంబరు 24న హాళ్లకు వచ్చినది.

పక్షములు రెండుగా కనబడినను మనుష్యులు రెండింట నుండుట ఈ ఘట్టమున విచిత్రము. 'నారప్ప'ను ఓటీటీకిచ్చిన సురేష్ బాబునకు హాళ్ల వ్యాపారము కలదు. 'లవ్ స్టోరీ' నిర్మాతలలో నొకరైన నారాయణదాస్ నారంగ్ ప్రసిద్ధ ప్రదర్శకులు. 'ఆహా'ను స్థాపించినవారిలో ముఖ్యులైన అల్లు అరవింద్ తరముగా హాళ్లకే చిత్రములు తీసినవారు. ఇట్టివారికి నష్టమొకచేతను, లాభము మఱియొకచేతను వచ్చిపోవును. నిర్మాణముతో పొత్తులేని చిన్న ఊరి యజమానికి రెండవ చేయి లేదు. ఆయన హాలు పెక్కుచోట్ల రోజువారీ అద్దెపై నడచునది. మల్టీప్లెక్సులవలె వసూళ్లలో వాటా రాదు. చిత్రము పది దినములకే చల్లబడినచో అద్దె చెల్లించు పంపిణీదారుడే మిగులడు. 2025 మేలో రెండు రాష్ట్రముల ప్రదర్శకులు తమకును వాటాపద్ధతి కావలెనని, లేనిచో జూన్ 1నుండి హాళ్లు మూయుదుమని చెప్పి, తర్వాత విరమించిరి. ఓటీటీ వివాదమున వినబడక మిగిలిన మాట ఇదియే. కల్యాణమండపములుగను, గిడ్డంగులుగను మాఱిన పాత హాళ్లు ఏ జిల్లాలోనైనను కనబడును. ఆపరేటరు, సైకిలు స్టాండువాడు, ఇంటర్వెలున సమోసాలమ్మువాడు ఏ సమావేశమునకును పిలువబడినవారు కారు.

హాళ్లు పూర్తిగ తెఱచుకొన్న పిదప 'నేరుగా ఓటీటీ' యను సమస్య సన్నగిల్లి, వ్యవధి సమస్యయే ముందుకు వచ్చినది. 'పుష్ప' 2021 డిసెంబరు 17న హాళ్లలో విడుదలై జనవరి 7న ప్రైమ్‌లో వచ్చెను: 21 దినములు. 'ఆచార్య' (2022 ఏప్రిల్ 29) విషయమునను అంతే. మూడువారములు ఓపికపట్టినచో ఇంటనే చూడవచ్చునని తెలిసిన కుటుంబము నలుగురికి టికెట్లు కొనుటకు వెనుకాడుట సహజము. 2022 ఆగస్టు 1నుండి నిర్మాతలు షూటింగులను నిలిపివేసి చర్చించిరి. ఎనిమిది వారముల వ్యవధి యుండవలెనని ఆ నెలలో తీర్మానించి, సెప్టెంబరు 1నుండి పని మరల మొదలిడిరి. తీర్మానమునకు కట్టుబాటు తక్కువ. నాని నటించిన 'దసరా' 2023 మార్చి 30న హాళ్లకును, ఏప్రిల్ 27న నెట్‌ఫ్లిక్స్‌కును వచ్చినది. సరిగా నాలుగు వారములు. ఉత్తరాది మల్టీప్లెక్సులు హిందీ రూపమునకు ఎనిమిది వారములు పట్టుబట్టుటచే అఖిలభారత విడుదల కోరు పెద్ద చిత్రములు మాత్రమే ఆ లెక్కకు తలయొగ్గినవి. 'పుష్ప 2' 2024 డిసెంబరు 5న హాళ్లలో వచ్చి, 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌లో కనబడెను. మొదటిభాగమునకు 21, రెండవదానికి 56 దినములు.

తీర్మానము జరిగిన 2022 ఆగస్టులోనే మఱియొక సంగతి జరిగినది. 9వ తేదీన మహేశ్‌బాబు జన్మదినమునకు 'పోకిరి' (2006) ప్రత్యేక ప్రదర్శనలు వేసిరి. టీవీలో లెక్కలేనిమారులు వచ్చిన చిత్రమది. ఇంట ఖర్చులేక చూడగలదానికి యువకులు టికెట్లు కొని హాళ్లు నింపిరి. వారిలో పెక్కుమంది అది తొలిసారి విడుదలైననాటికి పసిపిల్లలు. మఱుసటి నెల మొదట 'జల్సా' (2008) వచ్చినది. పిమ్మట ఇది యాచారమైనది. డేరాల కాలపు రెండవ పరుగువలె నెలలకొలది గాక, ఈ ఆటలు ఒకటి రెండు దినములే నడచుచున్నవి.