బంగారం బిడ్డ, పావు డాలరు టిక్కెట్టు

మా అత్తయ్యగారు మా పెద్దవాడిని 'బంగారం' అని పిలుస్తారు. వినేవాళ్ళు ముద్దుపేరు అనుకుంటారు. నిజానికి అదొక లెక్క. నా నాలుగు గాజులు, నానుతాడు, ఉంగరం, ఆవిడ చంద్రహారం, అన్నీ కలిపితే మా వాడు!

2010లో ఏడో నెల నిండగానే పుట్టేశాడు. బరువు 1,250 గ్రాములు. అలాంటి పిల్లల్ని చూసే వార్డు అప్పటికి మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో లేదు. ప్రైవేటులో అద్దాల పెట్టెకి రోజుకి నాలుగు వేలు. మా వారి జీతం నెలకి తొమ్మిది వేలు. బంగారం తాకట్టు పెట్టాం, చాలకపోతే చిట్టీ పాడాం. పొద్దున్నే నర్సు వాడి బరువు చెప్పేది. మధ్యాహ్నం కౌంటర్లో బిల్లు చెప్పేవారు. పది గ్రాములు పెరిగాడంటే సంతోషపడే లోపే, పది గ్రాములకి నాలుగు వేలు అని మనసు లెక్క కట్టేసేది. కన్నతల్లి వేయాల్సిన లెక్క కాదు కదా. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య పని అయ్యాక కాస్త తీరిక దొరుకుతోంది. అసలు ఆ అద్దాల పెట్టె ఎక్కడ పుట్టింది, మొదట్లో దాని డబ్బు ఎవరు కట్టారు అని వెతికి వెతికి చదివాను. చదివాక మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పారిస్‌లో స్టెఫాన్ టార్నియే అనే కాన్పుల డాక్టరు ఉండేవాడు. అక్కడి జంతు ప్రదర్శనశాలలో గుడ్లు పొదిగించే వెచ్చటి పెట్టెను చూసి, ఇలాంటిదే పిల్లలకి చేయించకూడదా అనుకున్నాడట. 1880 ప్రాంతంలో ఆయన పనిచేసే ప్రసూతి ఆసుపత్రిలో ఆ పెట్టె వచ్చింది. అడుగున వేడినీళ్ళు, పైన బిడ్డ, అంతే. అంతకుముందు అక్కడ రెండు కిలోల లోపు పుట్టిన పిల్లల్లో నూటికి 66 మంది చనిపోయేవారు. పెట్టె వచ్చాక అది 38కి తగ్గింది. మా అమ్మమ్మ కూడా నెల తక్కువ బిడ్డని దూదిలో చుట్టి పక్కన కుంపటి పెట్టేవారమని చెప్పేది. ఇద్దరి ఆలోచనా ఒకటే, బిడ్డకి వెచ్చదనం కావాలి.

వెచ్చదనం సరే, ఖర్చో? పెట్టెలు కావాలి, రాత్రీ పగలూ నర్సులు కావాలి, పాలిచ్చే తల్లులు కావాలి. ఎలాగూ దక్కని పిల్లలు, అంత ఖర్చెందుకు అనుకునే ఆసుపత్రులే అప్పట్లో ఎక్కువ. అప్పుడు వచ్చాడు మార్టిన్ కూనీ. న్యూయార్క్‌లో సముద్రం ఒడ్డున కోనీ ఐలాండ్ అనే వినోదాల చోటు ఉంది. మన తిరనాళ్ళ లాంటిది, ఏటా వేసవి అంతా ఉండేది. అక్కడ రంగులరాట్నాల మధ్య అద్దాల పెట్టెల్లో పసిపిల్లల్ని పెట్టి, చూడ్డానికి 25 సెంట్లు, అంటే పావు డాలరు టిక్కెట్టు పెట్టాడు. 1903 నుంచి 1943 వరకు నడిపాడు. ఆ డబ్బుతోనే నర్సులూ పాలూ మందులూ. బిడ్డ తల్లిదండ్రుల దగ్గర ఒక్క సెంటు కూడా తీసుకోలేదు.

చదవగానే నాకు ఒళ్ళు మండింది. పసిగుడ్డుల్ని జాతరలో చూపించి డబ్బులా! ఆయన అసలు డాక్టరు చదివాడా అన్నదానికి కూడా ఇప్పటిదాకా ఆధారం దొరకలేదు. కానీ 1907లో ఆయనకే నెలలు నిండకుండా కూతురు పుడితే, ఆ పిల్లనీ ఆ పెట్టెలోనే పెట్టి పెంచుకున్నాడు. దాదాపు 6,500 మంది పిల్లల్ని బతికించానని చెప్పుకున్నాడు. అక్కడ ఒక నర్సు తన వేలి ఉంగరం తీసి బిడ్డ మణికట్టు దాటించి చూపించేదట, పిల్లలు ఎంత చిన్నవాళ్ళో జనానికి తెలియాలని. మా వాడి చేతికీ నా ఉంగరం గాజులా పట్టేది. అప్పటికే అది తాకట్టులో ఉంది.

నిజం చెప్పనా? కౌంటరు ముందు నిలబడ్డ ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి "మీ వాడిని పదిమందికీ చూపిస్తాం, మీరు పైసా కట్టక్కర్లేదు" అంటే, చేతులెత్తి దండం పెట్టి ఒప్పుకునేదాన్ని. ఇరుగూ పొరుగూ చూస్తుండగా తాకట్టు కొట్లో మెళ్ళో గొలుసు తీసి ఇవ్వడం మాత్రం ప్రదర్శన కాదా?

ఇంకో సంగతి. పద్దెనిమిదో రోజున నర్సమ్మ నన్ను లోపలికి పిలిచి, వాడిని బట్టల్లేకుండా నా గుండెల మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. రోజూ ఇలాగే గంటల తరబడి కూర్చోమంది. ముందురోజే బిల్లు బాకీ పడ్డాం. అందుకే పెట్టెలోంచి తీసేశారనుకున్నాను. డబ్బులేని వాళ్ళకి చేసే వైద్యం ఇదేనేమో అని, వాడిని పొదువుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

సగం నిజమే అనుకున్నానని ఇప్పుడు తెలిసింది. ఆ పద్ధతి లేమిలోంచే పుట్టింది. 1978లో కొలంబియా దేశం బొగోటాలోని ప్రసూతి ఆసుపత్రిలో పెట్టెలు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టేవారు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటేది. ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు, తల్లి ఒంటి వేడే పెట్టె అనుకుని, పిల్లల్ని తల్లుల గుండెలకి అప్పగించాడు. దాన్నే ఇప్పుడు కంగారూ పద్ధతి అంటున్నారు. 2021లో మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో చేసిన పరిశీలన ఫలితం వచ్చింది. మన దగ్గర ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో చేశారు. పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టిన పిల్లల్లో నెలలోపు చనిపోయినవారు నూటికి 12. కాస్త కుదుటపడ్డాకే తల్లికిచ్చిన పిల్లల్లో దాదాపు 16. అంటే ఆ రోజు నేను అవమానం అనుకుని ఏడ్చింది వాడికి దొరికిన మంచి వైద్యాల్లో ఒకటి. పైగా దానికి బిల్లు లేదు!

అలాగని తల్లి గుండె ఒక్కటే చాలదు. ఊపిరాడని బిడ్డకి ఆక్సిజనూ మందులూ చూసే మనిషీ కావాలి. మా వాడు పుట్టిన మరుసటి ఏడాదే, 2011 జూన్‌లో, కేంద్రం జననీ శిశు సురక్షా కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రభుత్వాసుపత్రిలో జబ్బు పడ్డ పసిబిడ్డకి ముప్పై రోజుల దాకా వైద్యం, మందులు, పరీక్షలు, రానూపోనూ బండి అన్నీ ఉచితం. తర్వాత దాన్ని ఏడాది బిడ్డల దాకా పెంచారు. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక వార్డులూ వచ్చాయి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి కాన్పు వస్తే గాజులు తీసే ముందు ఆ వార్డు గురించి ఒక్కమాట అడగండి. బిడ్డని దించవచ్చా అని డాక్టర్నీ అడగండి, సరేనంటే గుండెల మీదే పెట్టుకోండి.

గాజులు విడిపించడానికి మాకు ఆరేళ్ళు పట్టింది. చంద్రహారం వేలంలో పోయింది. మొన్న మా వాడు, పదిహేనేళ్ళవాడు, "నానమ్మా, నీ చంద్రహారం ఎలా ఉండేది?" అని అడిగాడు. ఆవిడ వాడి భుజం పట్టుకుని లేవబోతూ అన్నారు, "ఏమోరా, నీ అంత బరువైతే ఉండేది కాదు."