సెల్ఫ్ కొడితే స్క్రీన్ ఆరిపోయేది: తెరచాప పడవలో రెండు బ్యాటరీల కథ

ఊళ్లో బోరు మోటార్ వేయగానే ఇంట్లో బల్బు డిమ్ అయి మళ్లీ వెలగడం చూసే ఉంటారు. కారులో సెల్ఫ్ కొడితే పాట ఒక్క క్షణం ఆగుతుంది. మనకి అది లెక్కలోకి రాదు. సముద్రంలో తెరచాప పడవ నడిపేవాళ్లకి మాత్రం అదే క్షణం ప్రాణాల మీదకి రావచ్చు.

తెరచాప ఉన్నాక ఇంజిన్ ఎందుకు అంటారా? గాలి పడిపోయినప్పుడు, హార్బర్‌లోకి వచ్చేటప్పుడు, రాళ్ల మధ్య ఇరుకు దారిలో కావాలి. అంటే చాలాసార్లు ఒడ్డు దగ్గరపడ్డాకే సెల్ఫ్ కొడతారు. లోతెంత, మనం ఎక్కడున్నాం అని స్క్రీన్ వైపు చూడాల్సిందీ అప్పుడే. ఆ టైంలోనే స్క్రీన్ ఆరిపోతే?

దీని మూలం పడవలో లేదు, కారులో ఉంది. ఒకప్పుడు ఇంజిన్‌ని చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్లు. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. అమెరికా ఇంజినీర్ చార్లెస్ కెటరింగ్ అంతకుముందు షాపుల్లో వాడే క్యాష్ రిజిస్టర్‌కి కరెంట్ మోటార్ పెట్టినాయన. ఆయన ఆలోచన చూడండి: ఈ మోటార్ రోజంతా తిరగక్కర్లేదు, కొన్ని సెకన్లు చాలు. ఆ కాసేపూ చిన్న మోటార్‌లోకే దాని తాహతుకు మించిన కరెంట్ పంపితే సరి! 1912 మోడల్ క్యాడిలాక్‌లో అది వచ్చేసింది. నాకు చాలా నచ్చిన ఐడియా ఇది. కానీ మన సమస్య పుట్టింది కూడా ఇందులోనే.

ఎలాగంటే, స్టార్టర్ 300 ఆంపియర్లు లాగిందనుకోండి. బ్యాటరీ లోపల, వైర్లలో కలిపి రెసిస్టెన్స్ 0.01 ఓమ్. గుణిస్తే 3 వోల్టులు. 12.6 ఉన్నది 9.6కి పడిపోయింది. కెటరింగ్ రోజుల్లో ఆ బ్యాటరీ మీద ఉన్నది ముఖ్యంగా లైట్లు. లైటు డిమ్ అయినా తిరిగొస్తుంది. కంప్యూటర్ అలా కాదు, మర్చిపోతుంది.

1968-69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టొచ్చారు. ఆయన పడవ సుహైలీ మన బొంబాయిలో కట్టిందే. దారి చూసుకున్నది సెక్స్‌టెంట్‌తో. దానికి ఏ వోల్టేజీ పడితే ఏంటి?

అయితే అప్పటికే, 1967లో, అమెరికా నేవీ తన ట్రాన్సిట్ ఉపగ్రహాలని మామూలు ఓడలకీ ఇచ్చింది. తర్వాత్తర్వాత ఆ రిసీవర్లు చిన్న పడవల్లోకీ వచ్చాయి. ఉపగ్రహాలు కొన్నే కాబట్టి, ఒకటి వెళ్లాక ఇంకోటి వచ్చేదాకా గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆగాలి. ఈలోగా వోల్టేజీ పడి రిసీవర్ రీసెట్ అయితే, అంతవరకు వేసిన లెక్క గోవిందా. 1995లో పూర్తిస్థాయికి వచ్చిన జీపీఎస్ నయమే, కానీ ఉపగ్రహాల పట్టిక మొత్తం మళ్లీ అందుకోవాలంటే దానికీ 12.5 నిమిషాలు పడుతుంది.

అందుకే రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజిన్‌కి, ఒకటి మిగతా వాటికి. విడదీయడం సులువే, ఒకే ఆల్టర్నేటర్‌తో రెండూ చార్జ్ చేయడమే తంటా. మొదట్లో చేత్తో తిప్పే స్విచ్: ఒకటి, రెండు, రెండూ, ఆఫ్. ఇంజిన్ నడుస్తుండగా ఎవరైనా పొరపాటున ఆఫ్ మీదుగా తిప్పారో, ఆల్టర్నేటర్ కరెంట్‌కి వెళ్లే దారి ఉండదు, వోల్టేజీ ఎగబాకి దాని డయోడ్లు కాలిపోతాయి. మధ్యలో డయోడ్లు పెట్టి చూశారు. అవి 0.7 వోల్టు వరకు మింగేయడంతో బ్యాటరీ పూర్తిగా నిండదు. తర్వాత వోల్టేజీ చూసి తనంతట తానే కలిపే రిలే వచ్చింది. సుమారు 13.3 దాటితే కలుపుతుంది, 12.8 దగ్గర విడదీస్తుంది. దీనికీ ఒక తిరకాసు ఉంది. ఇంజిన్ ఆపి వెంటనే మళ్లీ సెల్ఫ్ కొడితే, రెండూ ఇంకా కలిసే ఉండొచ్చు! అందుకే కొన్ని రిలేలకి సెల్ఫ్ కొట్టేటప్పుడు విడదీయమని చెప్పే ప్రత్యేక వైరు ఉంటుంది.

ఇప్పుడైతే గుప్పెడంత కన్వర్టర్ దొరుకుతుంది, లోపలికి 9 వోల్టులొచ్చినా బయటికి 12 ఇస్తుంది. జీపీఎస్‌కి, లోతు చూపే యంత్రానికి అది పెడితే చాలు. కానీ అది కొనేముందు బ్యాటరీ టెర్మినల్ విప్పి చూడండి. ఉప్పుగాలికి అక్కడ తుప్పు పట్టి ఉంటే, సగం వోల్టేజీ అక్కడే పోతుండొచ్చు.