రెట్టింపు లెక్క, సగాల లెక్క

సంవర్గమానం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది లాగ్ టేబుళ్లలోని సన్నని అంకెలే. ఆ పాఠానికి మన ఇరుగుపొరుగున వెయ్యేళ్లు దాటిన చరిత్ర ఉంది.

1956 దాకా మన నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోదే. ఆ బీదరుకు అవతల, కలబురగి జిల్లాలోని మల్ఖేడ్ ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. 9వ శతాబ్దంలో, అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగపు 64 గళ్లలో 1, 2, 4, 8 అంటూ గింజలు రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని? మల్లన పేరిట ప్రచారంలో ఉన్న ఒక పద్యం చంద్రుడంటే 1, వేదాలంటే 4 అనే పద్ధతిలో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి జవాబు చెబుతుంది: 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పలేదు. మామూలు చేతి క్యాలిక్యులేటర్లో చాలావాటిలో కూడా ఇన్ని అంకెలు పట్టవు!

రాష్ట్రకూటుల నాటి జైన పండితుడే వీరసేనుడు. ధవళ వ్యాఖ్యలో ఆయన ఈ లెక్కను తిరగేశాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేస్తే 1 మిగులుతుందో అది దాని అర్ధచ్ఛేదం. 8కి 3, 32కి 5. ఆ రెంటినీ గుణిస్తే 256. దాని అర్ధచ్ఛేదం 3+5, అంటే 8. ఆధారం 2గా గల సంవర్గమానం ఇదే.

అలాగని లాగరిథం మొత్తం మనదే అనడం తొందరపాటు. లెక్కల భారం తగ్గించే పట్టికలను 1614లో నేపియర్ అచ్చు వేయించాడు. 10 ఆధారంగా బ్రిగ్స్ పెద్ద పట్టిక 1624లో వచ్చింది. ఇక గ్రాఫుకు దారి పడింది 1637లో, డెకార్టె జ్యామితితో.

మల్లన గళ్లను గ్రాఫు కాగితం మీద పెట్టి చూడండి. గింజకు ఒక మిల్లీమీటరు ఎత్తు అనుకుంటే పదో గడికే 51 సెంటీమీటర్లు, కాగితం చాలదు. ముప్పయ్యో గడికి 537 కిలోమీటర్లు. చివరి గడి ఎత్తు ఎక్కడానికి కాంతికి కూడా ఏడాదికి కాస్త తక్కువ పడుతుంది. గింజల బదులు వాటి అర్ధచ్ఛేదాలను సెంటీమీటరుకు ఒకటి చొప్పున గుర్తిస్తే చివరి గడి 63 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద నిలుస్తాయి.

పిల్లలతో ఇంకొకటి చేయించవచ్చు. రెండు అక్షాలకూ ఒకే స్కేలు తీసుకొని, రెట్టింపు వక్రాన్నీ అర్ధచ్ఛేదపు వక్రాన్నీ ఒకే కాగితం మీద గీసి, y = x రేఖ వెంబడి మడిచి వెలుతురుకు ఎదురుగా పట్టుకోమనాలి. (3, 8) అనే చుక్క సరిగ్గా (8, 3) మీద పడుతుంది.