టమాటా మొక్క వాడిపోతోందా? మందు కొనే ముందు ఇవి చూడండి

యాంగోన్‌లో గది ముందు డబ్బాలోనో బస్తాలోనో రెండు టమాటా మొక్కలు పెంచుకునేవాళ్లు మనలో ఉన్నారు. మొక్క తల వాల్చగానే నీళ్లు పోస్తాం, ఆకు పండుబారగానే దుకాణం నుంచి ఏదో మందు తెస్తాం. చాలాసార్లు రెండూ దండగే. సీసా మీద బర్మా భాషలో ఏం రాశారో చదవలేం. వంటా, పిల్లల పడకా అదే గదిలో. అందుకే ముందు జబ్బేంటో తేల్చుకోండి. ఒక కత్తి, ఒక గాజు గ్లాసు చాలు.

1. ముందు మట్టి

వేలు రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు పోయండి, కొన్ని గంటల్లో మొక్క లేస్తుంది. మట్టి బురదగా ఉండి కూడా మొక్క వాలితే వేళ్లకు గాలి ఆడట్లేదని అర్థం. మే నడుమ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి వానలకు ఈ బాధ తప్పదు. డబ్బా అడుగున చిల్లులు పెట్టి, ఇటుకల మీద ఎత్తి పెట్టండి. పైమట్టి ఆరేదాకా నీళ్లు ఆపండి.

2. గ్లాసు పరీక్ష

ఆకులు పచ్చగానే ఉండి, మొదట్లో పగలు వాలి రాత్రికి లేచి, కొద్ది రోజుల్లోనే మొత్తం వాడిపోతే బాక్టీరియా వడలు తెగులని అనుమానించాలి. ఇక లేవదనుకున్న మొక్కను మొదట్లో కోసి, రెండు అంగుళాల కాండం ముక్కను శుభ్రమైన నీళ్లలో వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి తీగలు దిగితే ఇదే తెగులు. దీనికి మందు లేదు. మొక్కను వేళ్లతో సహా పీకి, మట్టితో పాటు సంచిలో కట్టి పారేయండి. కత్తి, డబ్బా బాగా కడగండి. ఆ మట్టిలో వంగ, మిరప కూడా వేయొద్దు, వాటికీ వస్తుంది.

తీగలు రాకుండా, కింది ఆకులు ఒక పక్క నుంచి పసుపుబారి, కాండం చీల్చితే లోపల గోధుమరంగు గీతలుంటే అది బూజు వల్ల వచ్చే ఎండు తెగులు. వేళ్లకు బుడిపెలుంటే నులిపురుగులు. రెండింటికీ మట్టి మార్చాల్సిందే.

3. ఆకులు చెప్పే సంగతి

- కింది ఆకుల మీద గుండ్రటి వలయాలున్న గోధుమ మచ్చలు: ఆకుమాడు తెగులు. ఆ ఆకులు తుంచేయండి. నీళ్లు ఆకుల మీద పడకుండా మొదట్లోనే పోయండి.
- లేత ఆకులు చిన్నవై, పైకి ముడుచుకుని, అంచులు పసుపైతే: తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్. మొక్క బాగుపడదు, పీకేయండి.
- ముదురు ఆకులు మాత్రమే చుట్టుకుని పచ్చగా ఉంటే: వేడి వల్ల. భయం లేదు.
- కింది ఆకులన్నీ ఒకేలా పాలిపోతే: ఎరువు చాలలేదు. బాగా మాగిన పశువుల ఎరువు వేయండి.
- కొత్త ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే: ఇనుము అందట్లేదు. సైటు నుంచి తెచ్చిన మట్టిలో సిమెంటు, సున్నం కలిస్తే ఇలా అవుతుంది. మట్టి మార్చండి.

4. మందు విషయంలో

తెల్లదోమకు, పేనుబంకకు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి. లేబుల్ లేని సీసాలో విడిగా పోసిచ్చే పురుగుమందు కొనొద్దు. మందును తాగునీళ్ల సీసాలో అస్సలు పోయొద్దు. కెమికల్ డ్రమ్ముల్లో మొక్కలు పెంచొద్దు. మందు కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా కడిగి, ఆ సీసా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

5. ఎప్పుడు నాటాలి

యాంగోన్ బజారుకు ఇన్లే సరస్సు మీది తేలే తోటల టమాటాలు వస్తాయి. అది చల్లటి కొండ ప్రాంతం, ఇక్కడ వానాకాలమంతా ఉక్కే. వానలు తగ్గాక, అక్టోబరు చివర్లోనో నవంబరులోనో కొత్త మట్టిలో నాటండి. అప్పుడు పై తెగుళ్లలో చాలావాటి బాధ తగ్గుతుంది, మందు డబ్బులూ మిగులుతాయి.