టైడా కొండల్లో ఖహ్వా

మా ఇంట్లో 'ఆలా దర్జా' సామాను అంటే మెరిసే డబ్బా, భారీ ఖీమత్. పోయిన చలికాలం అరకు రైల్లో వెళ్తూ టైడాలో దిగాక ఆ లెక్క తప్పింది.

ఖహ్వా మనకు పరాయిది కాదు. యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా తాగేవారు. బాబా బుడన్ హజ్ నుంచి తిరిగొస్తూ మోఖా రేవులో ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు కొండల్లో నాటారని రివాయత్. తెల్లదొరల కాలంలో కాఫీ ఈ తూర్పు కనుమలకూ చేరింది. తర్వాత సర్కారు పోడు మాన్పించడానికి గిరిజనుల చేత తోటలు వేయించింది. 2017లో అరకు కాఫీకి పారిస్‌లో దుకాణం, 2019లో జీఐ గుర్తింపు!

టైడాలో సిల్వర్ ఓక్ నీడన ఒక అక్క ఎర్రబడ్డ పండ్లనే ఏరి కోస్తోంది. పచ్చివి కలిస్తే కప్పులో వగరే, ఏ డబ్బాలో పోసినా.

"మిగతావి?" అన్నాను.

"పండాక మళ్లీ వస్తాం బాబూ."

ఒకే కొమ్మకు ఎన్నిసార్లో! పారిస్ ఖీమత్‌లో ఈ మెహనత్ వాటా ఎంతని అడగబోయాను. అప్పటికే ఆమె పై వరుసకెక్కింది.